గొట్టం పెరిగిన వానాకాలం

ఆ వానాకాలం అరవై రెండు ఇళ్ల కాలనీలో మనుషులం ముగ్గురమే. ఆయన, అత్తయ్య, నేను. మిగతా అరవై ఒక్క ఇళ్లూ రంగులు వేసి, ఫ్యాన్లు తగిలించి, తలుపులు మూసి ఉండేవి. వీధి చివర నిలబడి చూస్తే ఎవరో పిలిచి నిలబెట్టి మరిచిపోయినట్టు కనిపించేవి.

మేం అక్కడ అద్దెకీ లేము, సొంతానికీ లేము. సర్టిఫికెట్ కోసం ఉన్నాం. కొత్తగా కట్టిన కాలనీ నేలకీ నీటికీ చెట్టుకీ పిట్టకీ హాని చెయ్యదని రాసిచ్చే సంస్థ ఒకటి ఉంది. ఆ కాగితం గోడకి తగిలిస్తే జనం ఎగబడి కొంటారట. కాగితం రావాలంటే వాళ్లదొక షరతు. కాలనీలో ఒక కుటుంబం తొంభై రోజులు కాపురం చేసి చూపించాలి. ఎన్ని నీళ్లు వాడారు, కరెంటు ఎంత కాల్చారు, వాన ఎంత ఇంకింది, భూమి అడుగున నీటిమట్టం ఎక్కడుంది, ఏ పిట్టలు వచ్చాయి, అన్నీ రోజూ రాసిపెట్టాలి. కాలనీ యజమానిని మేం పెద్దాయన అనేవాళ్లం. ఆయన ఏరికోరి మమ్మల్నే దింపాడు. మట్టి పోసిన రోజు నుంచి గేటుకి రంగు వేసిన రోజుదాకా ఆ పని చేయించిన సూపర్‌వైజర్ మా ఆయనే మరి.

"సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజున ఆ ఇల్లు మీదే" అన్నాడు పెద్దాయన.

ఆ మాట విన్నాక నాకు రెండు రోజులు కాలు నేల మీద నిలవలేదు. పన్నెండేళ్ల కాపురంలో తొమ్మిది చోట్లకి మారాం. ఎక్కడ పని దొరికితే అక్కడే, కట్టే ఇంటి పక్కన రేకుల షెడ్డులో మకాం. పని పూర్తయ్యేసరికి ఆ ఇంట్లోకి ఎవరో వచ్చేవాళ్లు, మేం సామాను సర్దుకునేవాళ్లం. ఇన్ని గోడలు కట్టించిన మనిషి పెళ్లానికి మేకు కొట్టుకోవడానికి ఒక గోడ లేదు. అందుకే ఆ ఇంట్లో అడుగుపెట్టిన మొదటి గంటలోనే నాలుగు మేకులు కొట్టేశాను. తగిలించడానికి నా దగ్గర ఉన్నది ఒక్క అద్దమే అనుకోండి, అది వేరే సంగతి.

అత్తయ్య నలభై ఏళ్లు బట్టలు కుట్టిన మనిషి. మెడలో టేపు లేకుండా ఆవిడని నేను చూసింది తక్కువ. ఎవరైనా ఎదురుపడితే మొహం కంటే ముందు కొలతే చూస్తుంది. పెద్దాయనని "ఎడమ భుజం దిగినాయన" అంటుంది. సర్టిఫికెట్ సంస్థ నుంచి ఆకుపచ్చ ఫైలు పట్టుకుని వచ్చిన ఆవిడకి మాత్రం కొలతతో పని లేకుండా "పచ్చ మేడమ్" అని పేరు పెట్టేసింది.

పచ్చ మేడమ్ మొదటి రోజు నన్ను మా ఇంటి తూర్పు పక్కకి తీసుకెళ్లింది. అక్కడ నేలలోంచి ఒక ఇనుప గొట్టం జానెడు పైకి వచ్చి ఉంది.

"ఇది అడుగున రాయి దాకా దిగింది" అంది. "రోజూ పొద్దున్నే మూత తీసి, ఈ కొలత తాడు లోపలికి వదలండి. చివర గుండు ఉంటుంది. నీళ్లకి తగలగానే బుడుంగుమంటుంది. అప్పుడు ఈ అంచు దగ్గర తాడు మీద ఎంత ఉందో చూసి రాయండి."

"నేల దగ్గర చూడకూడదాండీ?"

"వద్దు. నేలని నమ్మకూడదు. ఇవాళ గడ్డి మొలుస్తుంది, రేపు బురద చేరుతుంది. గొట్టం అంచు మాత్రం మారదు. కొలత ఎప్పుడూ అంచు నుంచే."

నేను బుద్ధిగా తల ఊపాను. ఆ రోజు రెండు మీటర్ల నాలుగు సెంటీమీటర్లు. మర్నాడు కూడా అంతే. ఎర్రటి మట్టి తుంపరలు పడి గొట్టం అసహ్యంగా ఉందని, పురుగూ పుట్రా లోపలికి పోకుండా దానికో తొడుగు కుట్టి పెట్టమని అత్తయ్యని అడిగాను. ఆవిడ కొలతలు తీసుకుని, నీలం బట్టతో, అంచు నుంచి నేల దాకా సరిగ్గా సరిపోయేలా కుట్టింది. గొట్టానికి గౌను తొడిగినట్టు ఉందని నవ్వుకున్నాం.

వానలు మొదలయ్యాయి.

వాన పడితే కప్పలు అరవాలి. అక్కడ అరవలేదు. ఎంత కుండపోతగా కురిసినా, కురిసి వెలిశాక కాలనీ అంతా నోరు నొక్కేసినట్టు ఉండేది. మొదట్లో అదే హాయనుకున్నాను. తర్వాత తర్వాత మధ్యాహ్నాలు గిన్నెలు కావాలనే చప్పుడు చేసి తోముకునేదాన్ని.

పదో రోజుకో పన్నెండో రోజుకో కొంగలు వచ్చాయి. తెల్లవారేసరికి ముప్పై నలభై తెల్ల కొంగలు మా వీధిలో తారు రోడ్డు మీద నిలబడి ఉన్నాయి. మేతకి వచ్చినవి కావు, రోడ్డు మీద మేత ఏముంటుంది? ఒక్కటీ ముక్కు దించలేదు. అన్నీ ఒంటికాలి మీద నిలబడి, మా ఇంటి వైపు చూస్తూ ఉండిపోయాయి. ఎండ ఎక్కాక ఒకదాని తర్వాత ఒకటి లేచి వెళ్లిపోయాయి. మర్నాడు మళ్లీ అదే చోటికి వచ్చాయి.

"ఏం చూస్తున్నాయండీ అవి?" అన్నాను ఆయనతో.

"ఇదంతా ఇంతకు ముందు చిత్తడి నేల. తుంగ, రెల్లు, నీళ్లు. అవి ఇక్కడే తిరిగేవి."

"మరి ఇప్పుడు నీళ్లు లేవుగా?"

ఆయన గేటు గొళ్లెం వేసి లోపలికి వెళ్లిపోయాడు. నేను పచ్చ మేడమ్‌కి ఫోన్ చేసి చెబితే సంబరపడిపోయింది. పక్షుల పట్టికలో పూర్తి మార్కులు పడతాయంది. నాకూ సంబరంగానే ఉండాలి కదా! కానీ నీళ్ల బిందె పట్టుకుని ఆ కళ్లన్నిటి ముందు నుంచి నడవాలంటే, పెళ్లిచూపుల్లో కూడా నేను అంత బిడియపడలేదు.

సాయంత్రాలు ఇంకోలా ఉండేవి. వీధి దీపాలు మనిషి అలికిడికి వెలిగే రకం. కరెంటు ఆదా అట, దానికీ మార్కులున్నాయి. ఒకరోజు చీకటి పడుతుండగా గుమ్మంలో కూర్చుని ఉన్నాను. వీధి చివరి దీపం వెలిగింది. తర్వాత దాని ఇవతలిది, తర్వాత దాని ఇవతలిది. ఎవరో తీరుబడిగా నడిచి వస్తున్నట్టు ఒక్కొక్కటే వెలుగుతూ వచ్చి, మా గేటు ముందు దీపం దగ్గర ఆగాయి. వీధిలో పురుగు కూడా లేదు.

"గాలికి ఆకులు కదిలినా వెలుగుతాయిలే" అన్నాడాయన లోపల్నుంచి.

"ఇక్కడ ఆకులెక్కడివండీ? మొక్కలన్నీ కర్రల్లా ఉన్నాయి."

ఆయన బయటికి వచ్చి చూశాడు. నన్ను లోపలికి రమ్మని తలుపు వేశాడు. ఆ దీపాల సంగతి మాత్రం ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. మిగతావాటికి కారణం తర్వాత తెలిసింది, వాటికి మాత్రం తెలియలేదు.

మర్నాటి నుంచి తలుపులు మొదలయ్యాయి. ఎదురింటి తలుపు తెరుచుకుని ఉంది. ఆయన వెళ్లి మూసి వచ్చాడు. మధ్యాహ్నానికి మళ్లీ తెరుచుకుంది. వారం తిరిగేసరికి ఆ వరసలో ఏడు తలుపులు. అన్నీ లోపలికి, అన్నీ ఒకే పక్కకి, ఒకే మేర తెరుచుకుని, ఎవరైనా వస్తారేమోనని చూస్తున్నట్టు ఉండేవి. ఆయన రోజూ పొద్దున్నే బయల్దేరి వాటిని మూసుకుంటూ పోయేవాడు. తిరిగి వచ్చి లెక్క చెప్పేవాడు.

"ఇవాళ తొమ్మిది."

"గొళ్లేలు పాడయ్యాయేమో?"

"గొళ్లేలు బాగానే ఉన్నాయి" అనేవాడు. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడేవాడు కాదు. టీ గ్లాసు చేత్తో పట్టుకుని నిలబడే తాగేవాడు. సొంత ఇల్లు కాబోతున్న ఇంట్లో ఆ మనిషి కుదురుగా ఒక్క పూట కూర్చోలేదు. ఏళ్ల తరబడి షెడ్డుల్లో ఉన్న అలవాటు, ఇంట్లో కుదురుకోవడానికి టైము పడుతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నలభయ్యో రోజున స్నానాల గది తూము లోంచి కప్ప అరిచింది. వీధిలో కాదు, పెరట్లో కాదు, ఇంటి కింద. పట్టపగలు పన్నెండింటికి. ఒకటి అరిస్తే ఇంకోటి బదులిచ్చింది. ఆపై ఎన్నో చెప్పలేను, కాళ్ల కింద టైల్స్ అడుగునుంచి గోలగోలగా అరిచాయి. పైన మాత్రం అంతా మామూలే. అత్తయ్య కుడుతున్న మిషను ఆపి, చెవి రిక్కించి వింది.

"కింద ఎవరో మనకంటే ముందే కాపురం పెట్టారే అమ్మాయ్" అంది.

ఆవిడ నవ్వింది గాని నాకు నవ్వు రాలేదు.

ఆ తర్వాత రెండు మూడు రోజులకే, నేను గొట్టం దగ్గర రీడింగు రాస్తుంటే అత్తయ్య వెనకాలే వచ్చి నిలబడింది. తొడుగు వైపు చూసి మొహం చిట్లించింది.

"ఇది కురచైపోయిందేంటే?"

చూశాను. నేలకి ఆనుతూ ఉండాల్సిన తొడుగు అంచు నాలుగు వేళ్లు పైకి ఉంది.

"తడిసి కుదించుకుపోయి ఉంటుంది అత్తయ్యా."

"నాకా చెప్తున్నావు! తడిపి, ఆరేసి, ఇస్త్రీ చేసి మరీ కత్తిరించాను. నలభై ఏళ్లలో నా చేతి బట్ట కుదించుకుపోయిందని ఒక్కరూ తిరిగి రాలేదు." మెడలోంచి టేపు తీసి, వంగి, గొట్టం పక్కన నేల మీద ఆనించింది. "చూడు. కుట్టిన రోజున తొమ్మిది అంగుళాలు. ఇవాళ పన్నెండున్నర. బట్ట తగ్గలేదే, గొట్టం పెరిగింది."

"ఎరువేమైనా వేశారా?" అన్నాను.

"నవ్వకు. నువ్వే కొలుచుకో."

నేనే కొలిచాను. పన్నెండున్నర. ఇనుప గొట్టం, అడుగున రాయి మీద కూర్చున్న గొట్టం. అది పెరగదు. చిన్నపిల్లకైనా తెలుస్తుంది, గొట్టం పెరగకపోతే ఇంకేం జరిగి ఉండాలో. నేను నలభై మూడు రోజులుగా అంచు దగ్గర్నుంచి కొలుస్తూ, నీళ్లు మారలేదని రాస్తున్నాను. అంచూ మారలేదు, నీళ్లూ మారలేదు. మారింది నేల. మేమూ, మా ఇల్లూ, నా నాలుగు మేకులూ, అరవై రెండు ఇళ్ల కప్పులూ అన్నీ కలిసి చడీచప్పుడూ లేకుండా నీళ్ల వైపు దిగుతున్నాం. నా పుస్తకంలో ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. కానీ నేల కోసం అందులో గడి లేదు.

ఆ క్షణంలో నాకు భయం వేసింది ఇల్లు మునుగుతుందని కాదు, ఇల్లు పోతుందని. అదీ నా బుద్ధి.

"వాడితో చెప్దామే" అంది అత్తయ్య. "ఆ పచ్చ మేడమ్‌కి ఫోన్ చెయ్యమందాం. నేల దిగుతుంటే..."

"అత్తయ్యా!" అని గట్టిగా అరిచాను. ఆవిడ మీద నేను గొంతు లేపడం అదే మొదలు. "ఆ టేపు లోపల పెట్టండి. మళ్లీ ఈ కొలత మాట ఈ ఇంట్లో ఎత్తకండి. ఎంత దిగితే ఏమైంది? మట్టి అన్నాక సర్దుకుంటుంది. ఇది పోతే మళ్లీ ఏ రేకుల కిందకి పోతామో మీకు తెలీదా?"

ఆవిడ నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసింది. ఎవరినైనా కొలత తీసే ముందు అలాగే చూస్తుంది. టేపు మెల్లగా చుట్టి గుప్పిట్లో పెట్టుకుంది.

"సరేలేవే" అంది.

"ఈ తొడుగుకి కింద ఒక పట్టీ వేసిపెట్టండి. నేల దాకా వచ్చేలా."

"అతుకు కనిపిస్తుంది."

"కనిపించకుండా వెయ్యండి."

కనిపించకుండానే వేసింది. ఆవిడ పనితనం అలాంటిది. రెండు వారాల తర్వాత ఇంకో పట్టీ వెయ్యమన్నాను, మారు మాట్లాడకుండా వేసింది. ఎదిగే పిల్ల గౌనుకి మడత దింపినట్టు దింపుతూ పోయాం. ఆవిడ మెడలో టేపు మాత్రం ఆ తర్వాత నాకు కనిపించలేదు. కనిపించకపోవడమే మేలనుకున్నాను.

అరవై ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఆయన గొట్టం దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. తొడుగు అంచు వేళ్లతో తడుముతున్నాడు. నేను వెళ్లేసరికి తల ఎత్తలేదు.

"ఎన్నిసార్లు దింపించావు?"

"రెండు" అన్నాను. దాచి లాభం లేదు.

"అమ్మకి తెలుసా?"

"ఆవిడే చూసింది."

ఆయన చెప్పులు విడిచి నేల మీద చతికిలపడ్డాడు. వాన రాబోతూ గాలి స్తంభించి ఉంది. వీధిలో తలుపులన్నీ తెరుచుకుని మా మాటలు వింటున్నట్టే ఉన్నాయి.

"మట్టి పొరలు పొరలుగా పొయ్యాలి" అన్నాడు. "అడుగు మందం పొయ్యడం, నీళ్లు చల్లడం, రోలర్ తిప్పడం, దిమ్మిస కొట్టి గట్టి చెయ్యడం. ఆరిన తర్వాత మళ్లీ అడుగు. అలా పన్నెండు పొరలు. దానికి ముందు తుంగ కొట్టేసి, అడుగున ఉన్న బురద తీసి పారెయ్యాలి. కిందటేడు వాన ముంచుకొస్తోందని పెద్దాయన తొందరపెట్టాడు. తుంగ కొయ్యలేదు. బురద తియ్యలేదు. లారీల్లో తెచ్చి దాని మీదే కుమ్మరించాం. పోస్తుంటే కింద తుంగ ఇంకా పచ్చగా ఉంది. కొంగలు ఎగిరి పోలేదు, చుట్టూ నిలబడి చూశాయి."

"మరి కాగితాల మీద?"

"పన్నెండు పొరలని రాశాం."

"సంతకం?"

"నాదే."

నేను పక్కన కూర్చున్నాను. ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకుని ఉంటే బాగుండేది.

"ఇంకా ఇరవై రెండు రోజులే కదండీ" అన్నాను.

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఇల్లు మనది. నెమ్మదిగా ఏదో ఒకటి చేసుకోవచ్చు."

"మనది సరే. మిగతా అరవై ఒక్క ఇళ్లలోకీ జనం వస్తారు. పిల్లల్ని తీసుకుని వస్తారు."

"వాళ్ల తిప్పలు వాళ్లు చూసుకుంటారు" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. ఇంకెవరి మీదకో తోసెయ్యడానికి వీల్లేకుండా, నా నోటితో, స్పష్టంగా అన్నాను. ఇప్పటికీ ఏ పని చేసుకుంటున్నా ఉన్నట్టుండి అది చెవిలో వినిపిస్తుంది, ఒళ్లంతా సిగ్గుతో కాలుతుంది. ఆయన ఆ రోజు నా వైపు చూడలేదు. లేచి, చెప్పులు తొడుక్కుని, తలుపులు మూయడానికి వెళ్లాడు. ఆ సాయంత్రం లెక్క చెప్పలేదు.

ఎనభై తొమ్మిదో రోజున పచ్చ మేడమ్ వచ్చింది. వెనకాలే పెద్దాయన కారు దిగాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు, ఎడమ భుజం ఎప్పట్లాగే దిగి ఉంది. అప్పటికి తొడుగుకి మూడో పట్టీ పడింది.

పచ్చ మేడమ్ నా పుస్తకం పేజీ పేజీ తిరగేసింది. "ఎంత ముత్యాల్లాంటి అక్షరాలమ్మా! రోజూ రాశారు, ఒక్క రోజు కూడా వదల్లేదు" అంది. "వానాకాలం మొత్తం నీటిమట్టంలో రెండు సెంటీమీటర్ల తేడా కూడా లేదు. నా సర్వీసులో ఇంత నిలకడైన నీళ్లు చూడలేదు."

"మా కాలనీ నేల అలాంటిది మేడమ్" అన్నాడు పెద్దాయన.

"కొంగలు ఇంకా వస్తున్నాయా?"

"రోజూ వస్తున్నాయండీ" అన్నాను. అవి అప్పుడు కూడా ఉన్నాయి. కారు చప్పుడుకి కూడా లేవలేదు.

అందరం గొట్టం దగ్గరికి నడిచాం. అత్తయ్య మా వెనక కిటికీ పక్కన నిలబడింది. మేడమ్ ఫైల్లోంచి చివరి కాగితం తీసి, కలం మూత తీసింది. ఇంకొక్క సంతకం. నేను మనసులో అప్పుడే వంటింట్లో అరలు సర్దుకుంటున్నాను.

"ఈ తొడుగు ఎవరు కుట్టారు? ముచ్చటగా ఉందే" అంది మేడమ్.

"మా అమ్మ" అన్నాడాయన.

వంగి తొడుగు పైకి లాగి తీశాడు. తిరగేశాడు. లోపలి వైపు నుంచి మూడు అతుకులూ, వరసగా, కొట్టొచ్చినట్టు కనిపించాయి. దాన్ని తీసుకెళ్లి మేడమ్ చేతిలో పెట్టాడు.

"దీన్ని మూడుసార్లు దింపాం మేడమ్" అన్నాడు.

ఆవిడకి మొదట అర్థం కాలేదు. తొడుగు వైపు చూసింది, గొట్టం వైపు చూసింది. ఆ ఇనుప గొట్టం మోకాలి దాకా వచ్చి నిలబడి ఉంది. కలం మూత పెట్టేసింది.

"నేను వచ్చిన రోజున ఇది ఎంతుంది?"

"తొమ్మిది అంగుళాలు" అంది కిటికీ దగ్గర్నుంచి అత్తయ్య. ఎవరూ అడక్కుండానే లోపలికి వెళ్లి టేపు తెచ్చింది. కొలిచింది. "ఇప్పుడు ఇరవై ఒకటి."

ఇంటి కింద కప్ప ఒకటి అరిచి ఊరుకుంది. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"కొత్త మట్టి కదా మేడమ్, కొంచెం సర్దుకుంటుంది."

"మట్టి పోయించింది నేను" అన్నాడు మా ఆయన. కేకలు లేవు, ఆవేశం లేదు. రోజూ తలుపుల లెక్క చెప్పే గొంతుతోనే చెప్పాడు. "పొరలు లేవు. దిమ్మిస లేదు. కింద తుంగ అలాగే ఉంది. పన్నెండు పొరలని రాసిన కాగితం మీద సంతకం నాది."

మేడమ్ నా వైపు తిరిగింది.

"ఈ రీడింగులన్నీ నిజమేనా అమ్మా?"

"నిజమేనండీ" అన్నాను.

"అంచు నుంచే కొలిచారు."

"మీరు చెప్పినట్టే."

ఆవిడ మొహం పాలిపోయింది. నన్ను తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. "నేనే చెప్పాను" అని తనలో తను అనుకుని, ఆ చివరి కాగితం నిలువుగా మడిచి ఫైల్లో అడుగున పెట్టేసింది. పెద్దాయన మా ఆయనతో ఒకే ఒక్క మాట అన్నాడు. "ఎల్లుండికల్లా ఖాళీ చెయ్యండి" అని. ఆయన సరేనన్నాడు.

వాళ్లు వెళ్లాక నేను వంటింట్లో కూర్చుని గట్టిగా ఏడ్చాను. మొగుడి మీద కోపం, మేడమ్ మీద కోపం, ఇనుప గొట్టం మీద కోపం. ఆయన వచ్చి నా పక్కనే కింద కూర్చున్నాడు. ఆ ఇంట్లో ఆయన కుదురుగా కూర్చోవడం నేను చూసింది అప్పుడే.

తర్వాతి సంగతి ముందే చెప్పేస్తాను. ఆ కాలనీకి సర్టిఫికెట్ రాలేదు, జనం రాలేదు. ఆయనకి మళ్లీ ఎవరూ సూపర్‌వైజర్ పని ఇవ్వలేదు. ఇప్పుడు ఒక కలప డిపోలో గుమాస్తా. మేం ఖాళీ చేసిన నెల్లాళ్లకి ఆయన మనసు ఊరుకోక ఒకసారి వెళ్లి చూసి వచ్చాడు. మా ఇంటి తూర్పు భాగం విరిగి, కిటికీ గట్టు దాకా దిగిపోయిందట. వెనక గది నిండా నీళ్లు. ఆ నీళ్లలో, గది మధ్యన, ఒంటికాలి మీద కొంగ ఒకటి నిలబడి ఉందట. ఈయన కిటికీ లోంచి తొంగి చూస్తే, వేరేవాళ్ల ఇంట్లోకి ఎందుకు తొంగిచూస్తున్నావన్నట్టు చూసిందట.

వెనక గది అంటే అత్తయ్య గది.

ఇక ఖాళీ చేసిన రోజు సంగతి. సామాను పెద్దగా లేదు కాబట్టి పొద్దున్నే మొదలుపెట్టి రెండు గంటల్లో సర్దేశాం. ఆయన మిషను ఎత్తి బండిలో పెట్టడానికి వెళ్లాడు. అత్తయ్య గదిలో మంచం ఒక్కటే మిగిలింది. ఒక పక్క ఆవిడ, ఒక పక్క నేను పట్టుకుని పైకి లేపాం. నా వైపు కాళ్ల కింద నుంచి ఏదో మెత్తగా జారి పడింది.

వంగి తీశాను. గుడ్డ దిండు. పాత బట్ట ముక్కలు పేర్చి, నాలుగు పక్కలా బిగించి, చక్కగా కుట్టిన చిన్న దిండు. దాని కింద ఇంకోటి. దాని కింద ఇంకోటి. అలా నాలుగు. రెండో కాలి కింద కూడా అన్నే ఉన్నాయి. ఒక కాలి కిందవి పేర్చి పట్టుకుంటే నా మూడు వేళ్ల మందం. తూర్పు వైపు కాళ్లకి మాత్రమే. పడమటి వైపు కాళ్లు ఉత్త నేల మీదే ఉన్నాయి. ఒక్కో దిండు మీద మూలన సుద్దతో రాసిన అంకె ఉంది. అరంగుళం, అరంగుళం, ముప్పావు, అరంగుళం.

రాత్రిళ్లు తల కిందకి జారిపోకుండా, నేల దిగినకొద్దీ మంచం ఎత్తుకుంటూ వచ్చింది. ఆ గది నీళ్లలోకి ఒరుగుతోందని ఈ ఇంట్లో అందరికంటే ముందు తెలిసిన మనిషి, అందులోనే పడుకుంది. నేను పగలంతా అద్దం తుడుచుకుంటూ, అరలు సర్దుకుంటూ తిరిగాను.

"అత్తయ్యా" అన్నాను. "నాకెందుకు చెప్పలేదు?"

ఆవిడ మంచం అవతలి పక్క పట్టుకునే ఉంది. మొహంలో కోపం లేదు, నిష్ఠూరం లేదు. మామూలుగానే చూసింది.

"చెప్పాను కదే, ఒకసారి" అంది. "ఆ కాళ్లు పైకెత్తు. అడ్డంగా తిప్పితే గాని తలుపు పట్టదు."